వేరు గ్లాసులో ఉంది... తీగ ఎక్కడుంది?

ఎండ ముదిరితే బళ్లారి నుంచి కడప దాకా నన్నారి షర్బత్ లేని ఊరు ఉండదు. ఆ వాసన ఒక అడవి తీగది. దాహం పెరిగే కొద్దీ తీగ కొండల మీద పలచబడుతోంది. పొలంలో పెంచడం చేతనైన పనే. వేరు ఊరేదాకా ఏళ్ల తరబడి ఆగే రైతుకు ఆ కాలానికి ఎవరు చెల్లిస్తారన్నదే తేలని లెక్క.

మధ్యాహ్నం రెండు గంటలు. బళ్లారి జిల్లా కంప్లిలో నీడ అనేది షర్బత్ బండి గొడుగు కింద మాత్రమే మిగిలింది. తుంగభద్ర వంతెన దాటి గంగావతి వైపు నుంచి వచ్చిన బస్సు ఆగీ ఆగకముందే నలుగురైదుగురు దిగి బండి చుట్టూ మూగారు. బండి ఆయనకు ఎవరినీ ఏం కావాలని అడగాల్సిన పని లేదు. గ్లాసు అడుగున ముదురు ఎరుపు పాకం రెండు వేళ్ల మందం పోశాడు. సగం నిమ్మకాయ పిండాడు. నానబెట్టి ఉబ్బిన సబ్జా గింజలు ఓ చెంచా, రెండు ఐసు ముక్కలు, పైన సోడా. నురగ పొంగి గ్లాసు అంచు దాటేలోపే అది చేతులు మారింది.

"నిమ్మకాయ ఇంగొంచెం పిండన్నా" అని ఒకరు తెలుగులో, "ఐస్ బేడ" అని ఇంకొకరు కన్నడంలో. ఆయన ఎవరి భాషలో వాళ్లకు బదులిస్తూనే చెయ్యి ఆపడం లేదు.

"గడ్డలు ఎక్కడి నుంచి వస్తాయన్నా?"

"ఇప్పుడు గడ్డలెక్కడివి సామీ, సీసాలే వస్తాయి. మా నాయన ఉన్నప్పుడైతే గడ్డలు తెప్పించి ఇంట్లోనే దంచేటోళ్లు. వాసన వీధి మొగదాకా కొట్టేది."

"మరి చెట్టెట్లుంటాది?"

సోడా కాయ కొడుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "గడ్డ చూసినా గానీ, చెట్టు మాత్రం చూళ్లేదప్పా."

ఆ జవాబు ఆయన ఒక్కడిదే కాదు. వేప, తులసి, ఉసిరి పెరట్లో చూస్తూ పెరిగిన వాళ్లం. ఆకు పట్టుకుని పేరు చెప్పగలం. ప్రతి వేసవిలోనూ తాగే నన్నారిని మాత్రం కొండ మీద ఎదురుపడితే గుర్తుపట్టలేం. అది కళ్ల ముందు పెరిగేది కాదు, పోయినా కళ్లకు ఆనదు.

ఇప్పుడే ఈ మాట ఎందుకు?

కంప్లి అంటే వరి. విజయనగర రాజులు తుంగభద్ర మీద ఆనకట్టలు కట్టి తవ్వించిన కాలువల్లో ఒకటి ఈ ఊరి పేరుతోనే ఉంది. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఈ చుట్టుపక్కలకూ, అవతలి ఒడ్డున గంగావతి, సింధనూరు వైపుకూ వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్లు దిగిన చోట్లను నేటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. ఇళ్లలో తెలుగు, బజారులో కన్నడం, పొలంలో రెండూ.

ఆ వరి ధీమా 2024 ఆగస్టు 10 అర్ధరాత్రి కదిలింది. డ్యాం 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడి పర్యవేక్షణలో వారం తిరిగేసరికి తాత్కాలిక గేటు దింపి నీళ్లు నిలిపారు. ఆ ఏడు వానలు ఆదుకోబట్టి సరిపోయింది. అప్పటికే పూడిక వల్ల 133 టీఎంసీల జలాశయం 105 టీఎంసీల చిల్లరకు వచ్చిందని అందరికీ తెలుసు. నీళ్లు తక్కువ తాగే పంటల మాట అప్పట్నుంచి రచ్చబండల మీద తరచుగా నలుగుతోంది. అశ్వగంధ, శతావరి, నన్నారి లాంటి పేర్లు మందుల షాపు నుంచి పొలం గట్టు మీదికి వచ్చాయి.

అదే 2024లో ఇంకో చర్చ కూడా రాజుకుంది. కంప్లికి దక్షిణాన ఉన్న సండూరు కొండల్లో, దేవదారి దగ్గర ఇనుప ఖనిజం గని కోసం 401.57 హెక్టార్ల అడవి భూమి అప్పగించే వ్యవహారం అది. 99,330 చెట్లు కొట్టాల్సి వస్తుందన్న లెక్క బయటికొచ్చింది. భూమి అప్పగించవద్దని కర్ణాటక అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే అధికారులను ఆదేశించారు. చెట్ల లెక్క పత్రికలకెక్కింది. చెట్లను అల్లుకున్న తీగలకు, బండల సందుల్లోని గడ్డలకు లెక్క ఎవరూ వేయరు. కాండం చుట్టుకొలత ఉన్నదే చెట్టుగా రిజిస్టరులోకి ఎక్కుతుంది.

ఒకవైపు కొండ మీద ఆసరా తగ్గిపోతోంది, మరోవైపు కింద పొలంలో చోటు దొరికే అవకాశం కనిపిస్తోంది. ఈ రెంటి మధ్య నన్నారి ఉంది.

│ బాక్స్ │ ఒకే పేరు, రెండు తీగలు

▪ సుగంధిపాల: శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. ఆయుర్వేదంలో సారిబ, అనంతమూలం అంటారు. కన్నడంలో సొగదె బేరు, నామద బేరు. సన్నని తీగ, సన్నని ఆకులు. ఆకు నడి ఈనె వెంబడి తెల్లటి చార కనిపిస్తుంది. వేరు పెన్సిలు కన్నా లావు కావడం అరుదు. కట్టెలా గట్టిగా, పైన ముదురు గోధుమ రంగులో ఉంటుంది. కంచెల్లో, పొలం గట్ల మీద, పొదల్లో కూడా బతుకుతుంది.

▪ మారేడు గడ్డ: శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోని. నన్నారి కొమ్ములు, మారేడు కొమ్ములు, బర్రె సుగంధి అని కూడా అంటారు. కన్నడంలో మాకళి బేరు. ఆకులు వెడల్పు, తీగ బలమైనది. వేర్లు కండపట్టి గుత్తులుగా ఊరతాయి. వాసన చాలా ఘాటు. దక్షిణ భారతపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు.

▪ రెంటిలోనూ పాలు కారతాయి. రెంటి కాయలూ జంటగా వస్తాయి, గింజకు పట్టు కుచ్చు ఉంటుంది. వైద్యుడు సారిబ అని రాస్తే మొదటిది. రాయలసీమ షర్బత్‌లోకి ఎక్కువగా వెళ్లేది రెండోది.

బండసందుల్లో పుట్టిల్లు

మారేడు గడ్డకు నల్లరేగడి గిట్టదు. నీరు నిలిచే చోటు అసలే పనికిరాదు. అది కోరుకునేది రాతి గుట్ట, ఎర్రమట్టి, ఎండ, పక్కన అల్లుకోవడానికి ఒక పొద. శేషాచలం, నల్లమల, పాలకొండల ఎండు అడవుల్లో, కర్ణాటక, తమిళనాడుల్లోని ఇలాంటి కొండల్లో బండల మధ్య చీలికలోకి వేరు దించుతుంది. వానాకాలంలో ఆకు వేసి, వేసవికి రాల్చి, దాచుకున్న తిండీ నీరూ అంతా కింద గడ్డలో భద్రం చేసుకుంటుంది. మనకు ఇష్టమైన వాసన ఆ దాపరికంలోనే ఉంది.

దాన్ని తీయడం తేలిక పని కాదు. గడ్డపారతో రాళ్లు పెకలించాలి, బండల కింద చెయ్యి దూర్చి మట్టి తోడాలి. చెంచులు, యానాదులు, తమిళనాడు వైపు ఇరుళలు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. గడ్డలు తవ్వి తిని బతికే చెంచుల జీవితాన్ని మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లోనే పుస్తకంగా రాశారు. అప్పట్లో తవ్వకం ఇంటి అవసరానికి, ఒకరోజు కూటికి. ఆ పూటకు కావాల్సినంత తీసుకుని తీగను వదిలేస్తే వచ్చే వానకు అది మళ్లీ వేరు వేసుకునేది.

సీసా వచ్చాక లెక్క మారింది. బేరగాడికి కిలోలు కావాలి. కొండ ఎక్కి దిగిన కష్టానికి కూలి గిట్టాలంటే దొరికిన తీగను మొదలంటా లాగక తప్పదు. ఆకు తెంపితే మొక్క చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్లీ కాస్తుంది. వేరు మొత్తం తీస్తే మొక్క కథ అక్కడితో ముగిసినట్టే. పూత రాకముందే తవ్వేస్తే గింజ కూడా రాలదు. అంటే తల్లీ పిల్లా రెండూ పోయినట్టు.

తవ్వేవాళ్లను తప్పుపట్టడం తేలిక. గడ్డ ధరలో వాళ్ల చేతికి చేరేది ఎప్పుడూ చివరి వాటాయే. ఆంధ్రప్రదేశ్‌లో 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొని, నన్నారి షర్బత్‌ను సొంత పేరుతో అమ్ముతోంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది. హక్కు కాగితం మీదికి వచ్చింది, గడ్డ మాత్రం కొండ మీద తగ్గుతూ వచ్చింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో మారేడు గడ్డ ఇప్పుడు అంతరించే ముప్పున్న మొక్క.

వెనిల్లాకు దాయాది

ఈ వాసనకు ఒక పేరుంది: 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. నోరు తిరగని ఆ పేరును పక్కన పెట్టి ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఐస్‌క్రీములో వాడే వెనిలిన్‌లో ఎన్ని కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయో ఇందులోనూ అన్నే ఉన్నాయి. అమరిక ఒక్కటే వేరు. అందుకే కొత్తగా తాగినవాళ్లు "ఇదేదో తెలిసిన వాసనలా ఉందే" అని ఆగిపోతారు.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) ఈ గడ్డ మీద చాలా పని చేసింది. నిల్వ ధాన్యాన్ని తినే పురుగులను ఈ వేరు సారం అడ్డుకుంటుందని అక్కడి శాస్త్రవేత్తలు 1990ల చివర్లో చూపించారు. కణజాల వర్ధనం ద్వారా, అంటే చిన్న కణుపు ముక్క నుంచి ప్రయోగశాల సీసాలో మొక్కలు లేపే పద్ధతినీ రూపొందించారు.

సుగంధిపాలకు ఇంకా పాత ప్రయాణం ఉంది. మధ్య అమెరికా నుంచి వచ్చే సార్సపరిల్లా వేరును యూరప్‌లో రక్తశుద్ధి మందుగా గొప్పగా వాడే రోజుల్లో, దానికి బదులుగా మన వేరు ఆంగ్ల వైద్యుల కంట పడింది. 1864 బ్రిటిష్ ఫార్మకోపియాలో హెమిడెస్మస్‌కు చోటిచ్చారు. 'ఇండియన్ సార్సపరిల్లా' అన్న పేరు అలా స్థిరపడింది.

వంటింట్లోనూ దీనికి స్థానముంది. కన్నడ, తమిళ ఇళ్లలో మాకళి బేరును చిన్న ముక్కలుగా తరిగి, మజ్జిగలో ఆవపిండి, కారం కలిపి ఊరగాయ పెడతారు. కొత్తవాళ్లకు ఆ వాసన ఓ పట్టాన ఎక్కదు. అలవాటైనవాళ్లకు పెరుగన్నంలో అది లేనిదే ముద్ద దిగదు.

│ బాక్స్ │ మందుగా ఎంతవరకు?

▪ ఆయుర్వేదం సారిబను చలవ చేసే మూలికగా, దాహాన్నీ ఒంటి మంటనూ తగ్గించేదిగా, చర్మ వ్యాధుల్లో వాడేదిగా చెబుతుంది.

▪ షర్బత్ మందు కాదు. అందులో వేరు సారం కన్నా చక్కెర ఎన్నో రెట్లు. మధుమేహం ఉన్నవాళ్లు చలవ పేరుతో గ్లాసుల కొద్దీ తాగకూడదు.

▪ గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు వేరును కషాయంగా తీసుకోవాలనుకుంటే వైద్యుడిని అడగాలి.

▪ కేవలం ఎసెన్స్, రంగు కలిపిన సీసాలూ బజారులో ఉంటాయి. లేబుల్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవడం మంచిది.

కొండను కాపాడే ప్రయత్నం

సండూరు కొండలను ఇనుము కోసం చూసినవాళ్లే ఎక్కువ. 2000 తర్వాత పదేళ్ల పాటు ఇక్కడ సాగిన గనుల దందా గురించి లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి గనులను నిలిపేయడం తెలిసిన కథే. అదే కొండలను మూలికల కోసం చూసినవాళ్లూ ఉన్నారు. దర్శన్ శంకర్ 1993లో బెంగళూరులో స్థాపించిన ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ అనే సంస్థ దక్షిణాది రాష్ట్రాల అటవీ శాఖలతో కలిసి ఔషధ మొక్కల పరిరక్షణ క్షేత్రాలను ఎంచింది. మొక్కను పెరికి తోటలోకి తెచ్చే బదులు పుట్టినచోటే కాపాడాలన్నది వాళ్ల పద్ధతి. కర్ణాటకలో ఎంచిన క్షేత్రాల్లో సండూరు ఒకటి.

కంప్లికి ఇంకా దగ్గర్లో దరోజి ఉంది. 1994లో ఎలుగుబంట్ల కోసం ఏర్పాటు చేసిన అభయారణ్యం అది. అక్కడి బండగుట్టలు, ముళ్లపొదలు చూసినవాళ్లకు ఈ నేల ఎండినట్టే అనిపిస్తుంది. ఒక్క వాన పడితే చాలు, బండ చీలికల్లోంచి తీగలు లేస్తాయి. ఎలుగుబంటి కోసం గీసిన సరిహద్దు దాని కడుపు నింపే చెట్లతో పాటు మనం పేరు మర్చిపోయిన మూలికలనూ కాస్తోంది.

అయితే కంచె కట్టి కొండను కాపాడినంత మాత్రాన సీసాల గిరాకీ తగ్గదు. ఒక కొండ మూస్తే బేరగాడు ఇంకో కొండ ఎక్కిస్తాడు. కొండ మీద తవ్వకం తగ్గాలంటే గడ్డ ఇంకెక్కడైనా పండాలి.

పొలానికి తేవాలంటే

కంప్లి తాలూకాలో కాలువ కింద నల్లరేగడి వరి మళ్లు ఒక ప్రపంచం. మెట్రి, దేవలాపుర వైపు వానాధారపు భూములు ఇంకో ప్రపంచం. నన్నారికి పనికొచ్చేది ఈ రెండోదే. క్యాంపు రైతు వరి మడిని ఎండగట్టి నన్నారి వేద్దామనుకుంటే మొదటి వానకే వేరు కుళ్లుతుంది. ఎర్రమట్టి, గరప నేల, వాలు ఉండి నీరు జారిపోయే చెలక, రాళ్లు ఏరి పోసిన గట్టు దీనికి సరైన చోటు. పంట రాదని వదిలేసిన మూలలే పనికొస్తాయి.

గింజతో మొదలుపెట్టడం మేలు. జంట కాయలు ఎండి పగిలితే పట్టు కుచ్చులతో గింజలు గాలికి కొట్టుకుపోతాయి. కాబట్టి ముదిరిన కాయకు ముందే పల్చటి గుడ్డ చుట్టి కట్టాలి. కాయ పగిలాక కుచ్చు తీసేసి, గింజను ఆ సీజనులోనే నాటాలి. నిల్వ పెట్టిన కొద్దీ మొలక శాతం పడిపోతుంది. ఇసుక, ఎర్రమట్టి, మాగిన ఎరువు కలిపిన పాలిథీన్ సంచుల్లో మొలకెత్తించి, బలం పట్టాక తొలకరికి గుంతల్లో పెట్టాలి. ముదురు తీగ ముక్కలకు వేరు పుట్టించే హార్మోను పొడి అద్ది కూడా మొక్కలు లేపుతారు. నర్సరీలో ఓపిక ఉన్నవాళ్లకు అది వీలైన పని.

గుంత లోతుగా ఉండాలి. గట్టి నేలలో పైపైన గుంత తీస్తే వేరు వంకర్లు తిరిగి సన్నబడుతుంది. వదులు మట్టి ఎంత లోతు ఉంటే గడ్డ అంత నిటారుగా దిగుతుంది. పక్కన పాకడానికి ఆసరా కావాలి. ఎండిన కంపైనా సరే, కంచె చెట్టైనా సరే. మొదటి ఏడాది కలుపు తీయడం, మొదటి వేసవిలో అప్పుడప్పుడూ తడి ఇవ్వడం ముఖ్యం. ఆ తర్వాత అది పెద్దగా ఏమీ అడగదు. ఆకు రాలిస్తే చచ్చిపోయిందని పీకేసే తప్పు చేయకూడదు. వేసవికి ఆకు దులపడం దాని స్వభావం, తొలకరికి కణుపు దగ్గర ఎర్రటి చిగురు కనిపిస్తుంది.

తవ్వడంలోనూ ఒక పద్ధతి ఉంది. గింజ రాలాక, ఆకు పోయి బలమంతా వేరులోకి దిగాక తవ్వాలి. మొదలు కదపకుండా ఒక పక్క నుంచి మట్టి తోడి, లావు వేర్లు తీసుకుని, మిగిలినవి వదిలి మళ్లీ మట్టి కప్పాలి. కొండ మీద బండల మధ్య ఈ ఓపిక కుదరదు. పొలంలో వదులు మట్టి కాబట్టి కుదురుతుంది. సాగుకు ఉన్న అసలు లాభం ఇదే: మొక్క బతికి ఉండగానే కోత.

│ బాక్స్ │ ఇంటి దగ్గర ఒక తీగ

▪ పెరట్లో, మేడ మీద మొదలుపెట్టేవాళ్లకు సుగంధిపాల తేలిక. వేరు ముక్కతో, ముదురు తీగతో కూడా మొలుస్తుంది.

▪ కుండీ కన్నా లోతైన పాత డ్రమ్ము మంచిది. అడుగున రంధ్రాలు, గులకరాళ్లు. పైన ఇసుక ఎక్కువగా ఉన్న ఎర్రమట్టి.

▪ మట్టి పైపొర ఆరాకే నీళ్లు. రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది.

▪ కనీసం రెండేళ్లు తవ్వవద్దు. ఈలోపు వాసన చూడాలనిపిస్తే చివర ఒక సన్న వేరు గిల్లి నలిపితే చాలు.

▪ మొక్కను నర్సరీలోనే కొనండి. కొండ మీద నుంచి పీక్కొచ్చిన మొక్కను కొంటే కాపాడాలనుకున్నదాన్నే పోగొట్టినవాళ్లం అవుతాం.

ఇన్నేళ్లు ఎవరు ఆగాలి?

పద్ధతి ఇంత తేలికైతే రైతులు ఎందుకు వేయడం లేదు? జవాబు క్యాలెండరులో ఉంది. అశ్వగంధను చూడండి. అదీ మూలికే, అదీ వేరే. అనంతపురం, కర్నూలు ఎర్రనేలల్లో వానాధారంగా వేస్తే అయిదారు నెలల్లో తవ్వేయొచ్చు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్‌లో దానికి పేరున్న బజారు ఉంది. అందుకే అది పంట అయ్యింది. నన్నారి గడ్డ ఊరి కండపట్టాలంటే రెండు మూడేళ్లు కావాలి, ఇంకొన్నాళ్లు ఉంచితే ఇంకా మేలు. అన్నాళ్లూ చేతికి పైసా రాదు. సొంత భూమి ఉన్న రైతు ఒక మూల వేసి ఆగగలడు. ఏడాదికోసారి కౌలు కట్టేవాడికి ఆ వీలు లేదు; మూడో ఏడు గడ్డ ఊరేసరికి ఆ చెలక ఎవరి చేతిలో ఉంటుందో అతనికే తెలియదు.

ఇంకో భయమూ ఉంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో సఫేద్ ముస్లీ అనే మూలిక మోజు దేశమంతా పాకింది. ఎకరాకు లక్షలు వస్తాయని ఊరించారు. విత్తన గడ్డలు బంగారం ధరకు అంటగట్టారు, పంట మేమే కొంటామని కాగితాలు రాసిచ్చారు. పంట చేతికొచ్చేసరికి ధర కూలింది, కొంటామన్నవాళ్ల ఫోన్లు మోగలేదు. గడ్డ మీద కాకుండా విత్తనం మీద సంపాదించిన వ్యాపారం అది. "మూలిక సాగు" అనగానే నడివయసు రైతు నవ్వి పక్కకు తిరిగిపోవడానికి ఆ అనుభవమే కారణం. నన్నారి విషయంలోనూ "ఎకరాకు ఇన్ని లక్షలు" అని మొదలుపెట్టే మనిషి ఎదురైతే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "కిందటేడు ఎవరి గడ్డలు కొన్నావు? ఆ రైతు ఊరు చెప్పు, నేనే పోయి అడుగుతా."

ఔషధ మొక్కల సాగు, పరిరక్షణ కోసం కేంద్రం 2000 నవంబరులోనే జాతీయ ఔషధ మొక్కల బోర్డును పెట్టింది. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌కు బెంగళూరులో, హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రాలున్నాయి. నర్సరీలకు సాయం, రైతులకు శిక్షణ ఈ దారుల్లో అందుతాయి. ఇవన్నీ మొక్క నాటేదాకా పనికొచ్చేవి. నాటిన రోజు నుంచి తవ్వే రోజు దాకా ఉన్న ఖాళీని పూడ్చే పద్ధతి వీటిలో దేనిలోనూ బలంగా లేదు.

ఖాళీని పూడ్చే దారులు

మొదటిది, పొలమంతా ఒకే పంటగా వేయకపోవడం. కంది, వేరుశనగ, కొర్ర చేలకు గట్ల వెంబడి, కంచె పొడుగునా నన్నారి వేస్తే రైతు ఆగుతున్నట్టే ఉండదు. చేను ఏటా ఇచ్చేది ఇస్తుంది, గట్టు తన సమయానికి ఇస్తుంది. మామిడి, చింత తోట పెట్టిన రైతు కాపు వచ్చేదాకా మధ్యలో పెసరా అలసందా వేసుకుంటాడు. ఆ ఆలోచననే తిరగేస్తే సరిపోతుంది. ఏటేటా కొన్ని గుంతలు పెడుతూ పోతే, తొలి కోత మొదలయ్యాక ఏటా ఒక వరస తవ్వకానికి సిద్ధంగా ఉంటుంది.

రెండోది, కొండ ఎక్కి తవ్వే చేతులకే నర్సరీ అప్పగించడం. ఏ కాయ ఎప్పుడు పగులుతుందో, ఏ బండ పక్క తల్లి తీగ మిగిలి ఉందో చెంచులకు, యానాదులకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. గడ్డకు బదులు గింజకు, మొలకకు వాళ్లకు ధర చెల్లిస్తే కొండ మీద తల్లి తీగను బతికించుకోవడమే వాళ్లకు లాభమవుతుంది. ఈ రోజు తీగను చంపితేనే కూలి వస్తోంది. ఆ లెక్కను తిరగరాయకుండా ఎన్ని బోర్డులు పాతినా తవ్వకం ఆగదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనేవాడి బాధ్యత. షర్బత్ తయారీదారులకు ఏటా కచ్చితంగా గడ్డ కావాలి. కొండ మీద గడ్డ తగ్గే కొద్దీ వాళ్లకే ముందుగా తడుతుంది. ఎసెన్స్‌కు మళ్లితే అసలు వాసన తెలిసిన గిరాకీ పోతుంది. వాళ్లే పదిమంది రైతులతో మూడేళ్ల ఒప్పందం రాసుకుని, కొంత సొమ్ము ఏడాదికి ఇంతని ముందుగా ఇస్తే ఖాళీ పూడుతుంది. ఆ భారం సీసాకు కాస్త పెరగొచ్చు. 'సాగు చేసిన గడ్డలతో తయారు' అని లేబుల్ మీద ఒక్క వరస వేసుకునే హక్కు దానికి ప్రతిఫలం. దాన్ని చూసి కొనడం మనవైపు పని. గిరిజన సహకార సంస్థ లాంటి ప్రభుత్వ సంస్థలు ఈ పనికి ముందుకొస్తే మిగతావాళ్లకు దారి చూపినట్టు అవుతుంది.

కంప్లి చుట్టూ ఉన్న తెలుగు రైతులు నేల మార్చుకుని, పంట మార్చుకుని, భాష కలుపుకుని బతకడం ఎలాగో తెలిసినవాళ్లు. కాలువ నీళ్లు వస్తాయన్న మాట నమ్మి వందల మైళ్లు దాటి వచ్చిన కుటుంబాలవి. గట్టు మీద పది గుంతలు తీయడం వాళ్లకో లెక్క కాదు. ముందు నమ్మదగిన మాట ఒకటి కావాలి. తొలకరి జూన్‌లో వస్తుంది. ఈ వేసవి షర్బత్‌కు కావాల్సిన గడ్డ ఎక్కడో ఒక కొండ ఇప్పటికే ఇచ్చేసింది. మూడేళ్ల తర్వాతి వేసవికి కావాల్సింది ఈ జూన్‌లోనే గట్టు మీద నాటాలి. ఆ రైతుతో ధర మాట్లాడుకునే కాగితం అంతకన్నా ముందే రాసుకోవాలి.